నాన్నను బీడీల లెక్క అడిగారు, అమ్మను పొయ్యి లెక్క ఎవరడిగారు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. నేను ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా నాన్నకు 68 ఏళ్లు. కుర్రతనం నుంచీ బీడీలు కాల్చారు. నాలుగేళ్ల కిందట సీఓపీడీ (గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే ఊపిరితిత్తుల జబ్బు) అని చెప్పి ఇన్‌హేలర్లు ఇచ్చారు. ఇంట్లోకి నెబ్యులైజర్ కూడా కొన్నాం. బీడీలు మానేశానంటారు గానీ సాయంత్రం రచ్చబండ దగ్గర కాలుస్తూనే ఉన్నారని ఊరందరికీ తెలుసు. అమ్మకు 61. ఆమె ఎప్పుడూ బీడీ ముట్టలేదు. ఆరేళ్లుగా దగ్గు, పొద్దున లేవగానే కళ్లె, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు బాగుంటుంది. టౌన్‌లో ఒక డాక్టరుకు చూపిస్తే ఎక్స్‌రే, ఈసీజీ తీసి, అన్నీ బాగానే ఉన్నాయి, వయసు, బరువు, టెన్షన్ వల్ల ఇలా ఉందని నిద్రమాత్ర రాశారు. మా అన్నయ్య కూడా అమ్మకు అంతా టెన్షనే అంటాడు. ఆయాసం ఎక్కువైన రోజు అమ్మ నాన్న ఇన్‌హేలరే తీసుకుని పీలుస్తుంది. ఆస్పత్రికి వెళ్దామంటే "నాకేముందే, మీ నాన్నకే పాపం" అంటుంది. గ్యాస్ ఉంది కానీ నీళ్లు కాచడానికీ, పెద్ద వంటలకీ ఇప్పటికీ కట్టెల పొయ్యే. పొగ తాగని ఆడవాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుందా? నాన్న ఎక్స్‌రే పాడైంది, అమ్మది బాగుంది, అయినా అమ్మే ఎక్కువ ఆయాసపడుతోంది. ఇది నిజంగా టెన్షనేనా? నాన్న మందులు అమ్మ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పొగ తాగని ఆడవాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుందమ్మా. మన దేశంలో బాగానే వస్తుంది. మీ అమ్మగారికి టెన్షన్ ఉందో లేదో తర్వాత చూద్దాం. ముందు ఆమె ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో కొలవాలి. మీరు రాసినదాన్ని బట్టి ఈ ఆరేళ్లలో ఆ పని ఎవరూ చేయలేదు. నాన్నగారి ఇన్‌హేలర్ మాత్రం ఆమె వాడకూడదు. అందులో కాస్త ప్రమాదం ఉంది, అదేమిటో కింద చెబుతాను.

మీ ఉత్తరంలో నాన్నగారి గురించి రాయగానే బీడీల మాట వచ్చింది. అమ్మగారి దగ్గరికి వచ్చేసరికి "బీడీ ముట్టలేదు" అని రాసి ఊరుకున్నారు. పొయ్యి సంగతి ఎక్కడో చివర్లో, ఆమె పాత అలవాటు అన్నట్టుగా వచ్చింది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఆస్పత్రుల్లోనూ జరిగేది ఇదే. మగమనిషి దగ్గుతూ వస్తే ఎన్ని బీడీలు, ఎన్నేళ్ల నుంచి అని అడిగి చీటీ మీద రాస్తారు. ఆడమనిషి దగ్గుతూ వస్తే పొయ్యి దగ్గర ఎన్ని గంటలు, ఎన్నేళ్లు అని అడిగేవాళ్లు తక్కువ.

నిజానికి ఆ లెక్క ఒకటి ఉంది, కట్టడం కూడా చాలా తేలిక. రోజుకు పొయ్యి ముందు గడిపే గంటలను అలా గడిపిన ఏళ్లతో గుణించాలి. మైసూరు జిల్లా పల్లెల్లో ఆడవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో ఈ సంఖ్య 60 దాటితే దీర్ఘకాలిక దగ్గు, కళ్లె జబ్బు ముప్పు పెరుగుతున్నట్టు తేలింది. మీ అమ్మగారు రోజుకు మూడు గంటల చొప్పున ముప్పై ఏళ్లు వండారనుకున్నా 90 అవుతుంది. పెళ్లికి ముందు పుట్టింట్లో వండినవి అందులో లేవు. పత్తికట్టె, కందికట్టె, పిడకలు, వానాకాలంలో తడి కట్టెలు, అవి రాజుకునేదాకా ముఖం పొయ్యికి ఆనించి ఊదుగొట్టంతో ఊదడం కూడా గుర్తు చేసుకోండి. ఆ ఊదేటప్పుడు మనిషి పీల్చే పొగే అన్నిటికంటే చిక్కటిది.

మీది ఒంగోలు ప్రాంతం కాబట్టి ఇంకో ప్రశ్న కూడా వేయాలి. అమ్మగారు ఎప్పుడైనా పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టాల) దగ్గర పనికి వెళ్లారా? ఆకు కట్టడం, ఎండిన ఆకు గ్రేడింగ్ చేయడం లాంటివి? బ్యారన్ కింద కట్టెల పొగ ఉంటుంది, గ్రేడింగ్ షెడ్లో ఆకు దుమ్ము ఉంటుంది. బీడీ ముట్టని మనిషి కూడా పొగాకు దుమ్మును ఏళ్ల తరబడి పీల్చి ఉండొచ్చు. చిన్నప్పుడు గానీ, తర్వాత గానీ టీబీ వచ్చి తగ్గిందేమో కూడా అడగండి. టీబీ మిగిల్చిన మచ్చల వల్ల కూడా ఇలాంటి ఆయాసమే మిగులుతుంది.

ఇదే ఉత్తరం శ్రీకాకుళం నుంచో, విశాఖ తీరపు పల్లెల నుంచో వచ్చి ఉంటే "అమ్మ పొగ తాగదు" అన్న మాటను నేను అంత తేలిగ్గా నమ్మేవాణ్ని కాదు. అక్కడ పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. అంగిట్లో కేన్సర్ పుట్టించే అలవాటుగా దాన్ని వైద్య పత్రికలు దశాబ్దాల కిందటే రాశాయి. పట్నంలో ఉండే కొడుకులు, కూతుళ్లు ఆ మాట డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడతారు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే తనే చెబుతుంది.

ఇది మన దగ్గరే ఉన్న లోపమూ కాదు. 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికా, కెనడాల్లో 192 మంది డాక్టర్లకు కాగితం మీద ఒక రోగి కథ ఇచ్చారు. దగ్గు, ఆయాసం, సిగరెట్ల అలవాటు అన్నీ ఒకటే. కొందరికి ఆ రోగి మగమనిషి అని ఇచ్చారు, మిగతావాళ్లకు ఆడమనిషి అని. మగమనిషి అన్నప్పుడు 65 శాతం మంది సీఓపీడీ అన్నారు, ఆడమనిషి అన్నప్పుడు 49 శాతం మందే ఆ మాట అన్నారు. తర్వాత స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష ఫలితం చూపిస్తే ఆ తేడా బాగా తగ్గింది. డాక్టర్లలో పక్షపాతం ఉందని తిట్టిపోయడానికి ఇది చెప్పడం లేదు. కళ్లతో చూసి, కథ విని తేల్చే చోట అందరం పొరబడతాం, కొలిచే యంత్రం ముందు పెడితే ఆ పొరపాటు తగ్గుతుంది. మీ అమ్మగారికి ఆ యంత్రమే ఇంకా అందలేదు.

స్పైరోమెట్రీ అంటే గొట్టంలోకి ఊదే పరీక్ష. కొన్నిచోట్ల పీఎఫ్‌టీ అంటారు. గుండెల నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా, చివరిదాకా ఊదాలి. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికి వచ్చిందో యంత్రం చెబుతుంది. గాలిగొట్టాలు తెరుచుకునే మందు పీల్చి, కాసేపాగి మళ్లీ ఊదినా ఆ వాటా 70 శాతం లోపే ఉంటే గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యాయని అర్థం. ఎక్స్‌రే ఈ సంగతి చెప్పలేదు. బీడీ, సిగరెట్లతో వచ్చే జబ్బులో, మగవాళ్లలో ముఖ్యంగా, ఊపిరితిత్తుల్లోని గాలిగదులు చిరిగి పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. దాన్ని ఎంఫిసీమా అంటారు. అది ముదిరితే ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. పొయ్యి పొగతో వచ్చే జబ్బులో, ఆడవాళ్లలో, గాలిగొట్టాల గోడలు వాచి మందమెక్కడం, మచ్చపడటం ఎక్కువ, చిరుగులు తక్కువ. అందుకే నాన్నగారి ఫిల్ము పాడైనట్టు, అమ్మగారి ఫిల్ము శుభ్రంగా ఉన్నట్టు కనిపించే వీలుంది. ఫిల్ము బాగుందంటే జబ్బు లేదని కాదు.

ఆమెకే ఆయాసం ఎక్కువ ఎందుకని అడిగారు. ఆడవాళ్ల ఊపిరితిత్తులు సహజంగా చిన్నవి. అంతేకాదు, ఒకే పరిమాణం ఊపిరితిత్తులున్న ఆడ, మగ మనుషుల్ని తీసుకున్నా ఆడవాళ్ల గాలిగొట్టాలే సన్నగా ఉంటాయి. సన్న గొట్టం కొంచెం వాచినా దారి చాలా మూసుకుపోతుంది, అరంగుళం పైపులో నాచు పట్టినట్టు. అదే మెట్లు ఎక్కడానికి, అదే బిందె మోయడానికి ఆమె ఊపిరి కండరాలు మగవాళ్ల కంటే ఎక్కువ కష్టపడాలి. అందుకే రిపోర్టులో ఒకే శాతం వచ్చిన ఇద్దరిలో ఆడమనిషి ఎక్కువ ఆయాసం చెప్పడం ప్రపంచమంతటా కనిపిస్తున్నదే. తక్కువ సిగరెట్లకే, తక్కువ వయసుకే ఆడవాళ్లలో జబ్బు ముదరడం కూడా చూశారు. సిగరెట్లు ఆడవాళ్లకు బాగా అలవాటైన అమెరికాలో 2000 సంవత్సరం నుంచి ఈ జబ్బుతో చనిపోయేవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువయ్యారు. మనకు సిగరెట్టుతో పని లేదు, పొయ్యి ఉంది. 1990లో మన దేశంలో ఈ జబ్బు ఉన్నవారు 2.81 కోట్లనీ, 2016 నాటికి 5.53 కోట్లనీ అంచనా. దానివల్ల కలిగే ఆరోగ్య నష్టంలో సగానికి పైగా గాలి కాలుష్యం పద్దులో వేశారు, వంటింటి పొగ అందులో భాగమే. పొగాకు వాటా నాలుగో వంతు.

ఇక టెన్షన్. ఆ డాక్టరు అన్నది పూర్తిగా తప్పని నేను అనను. ఈ జబ్బున్న ఆడవాళ్లలో ఆందోళన, దిగులు మగవాళ్లలో కంటే ఎక్కువగానే కనిపిస్తాయి. ఊపిరి ఆడని మనిషికి భయం వేస్తుంది. భయం వేస్తే ఊపిరి వేగం పెరుగుతుంది, పూర్తిగా వదలకముందే మళ్లీ పీలుస్తారు, పాత గాలి లోపలే చిక్కుకుని ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఆ చక్రంలో టెన్షన్ ఉంది కానీ మొదలు అక్కడ కాకపోవచ్చు. ఊదే పరీక్ష చేశాక టెన్షన్ అంటే వింటాను. పరీక్ష చేయకుండా నిద్రమాత్ర రాయడం మాత్రం నాకు నచ్చలేదు. జబ్బు ముదిరి రక్తంలో ఆక్సిజన్ తగ్గినవాళ్లలో కొన్ని నిద్రమాత్రలు ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. ఆ మాత్ర చీటీ తీసుకెళ్లి కొత్త డాక్టరుకు చూపించండి. రోజూ వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

నాన్నగారి ఇన్‌హేలర్ సంగతి ఇప్పుడు. అమ్మగారికి ఉన్నది సీఓపీడీయే అని మనకింకా తెలియదు. ఉబ్బసం కావచ్చు, పెద్దవయసులో అది మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. సీఓపీడీకి ఇచ్చే కొన్ని ఇన్‌హేలర్లలో గాలిగొట్టాలను ఎక్కువసేపు తెరిచి ఉంచే మందు ఒక్కటే ఉంటుంది, స్టెరాయిడ్ ఉండదు. ఉబ్బసం ఉన్నవాళ్లు స్టెరాయిడ్ లేకుండా ఆ రకం మందు ఒక్కటే వాడితే పైకి తేలిగ్గా అనిపిస్తూనే లోపల వాపు పెరిగి, ఒక రాత్రి ప్రాణం మీదకు వస్తుంది. ప్రమాదం అన్నది అందుకే. ఇంకోటి, క్యాప్సూల్ వేసి పీల్చే పౌడరు మందులకు గట్టిగా లాగే శక్తి కావాలి. చిన్న శరీరం, సన్న గొట్టాలు ఉన్న ఆడవాళ్లు చాలామంది అంత బలంగా లాగలేరు, మందు గొంతులోనే ఆగిపోతుంది. "ఇన్‌హేలర్ పనిచేయలేదు" అనేవాళ్లలో సగం కథ ఇదే. ఆమెకు స్పేసర్ అనే ప్లాస్టిక్ డబ్బా తగిలించి పీల్చే రకం సరిపోవచ్చు. ఏది ఇచ్చినా డాక్టరు ముందు ఒకసారి పీల్చి చూపించమనండి. స్టెరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించాలి.

ఆర్‌ఎంపీ వేసే సూదిలో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. అందుకే రెండు రోజులు అంత హాయి. నెలకోసారి అది పడుతూ ఆరేళ్లు గడిస్తే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఎముకలు ఎలాగూ పలచబడుతుంటాయి, ఈ జబ్బు దానికి తోడు, సూది మరింత తోడు. తుమ్మినా దగ్గినా వెన్నుపూస నలిగిన ఆడవాళ్లు ఉన్నారు. ఆమె ఎత్తు తగ్గినట్టు అనిపించినా, నడుము మధ్యలో కొత్త నొప్పి ఉన్నా చెప్పండి. ఎముకల సాంద్రత పరీక్ష చేయించాల్సి వస్తుంది.

ఒక విషయం మీ అన్నయ్యకు ఆమె చెప్పదు, మీకు కూడా చెప్పి ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి దగ్గే ఆడవాళ్లలో చాలామందికి దగ్గినప్పుడల్లా మూత్రం చుక్కలుగా పడుతుంది. అందుకే పెళ్లిళ్లకు, బస్సు ప్రయాణాలకు రానంటారు, నీళ్లు తాగడం తగ్గిస్తారు, దాంతో కళ్లె చిక్కబడి దగ్గు ఇంకా పెరుగుతుంది. ఆస్పత్రిలో బలంగా ఊదమంటే భయపడి సగంలో ఆపేస్తారు, పరీక్ష పాడవుతుంది. వెళ్లేముందు మీరే మెల్లగా అడగండి. పరీక్షకు ముందు బాత్‌రూమ్‌కు వెళ్లి రమ్మనండి, ప్యాడ్ పెట్టుకోమనండి. దీనికి వ్యాయామాలు ఉన్నాయి, చికిత్స ఉంది. కొడుకు, భర్త గదిలో ఉండగా ఏ తల్లీ ఈ మాట డాక్టరుతో అనదు కాబట్టి, కాసేపు మీరు తప్ప అందరూ బయట ఉండేలా చూడండి.

మగవాళ్లకు వాళ్ల చిక్కులు వాళ్లకున్నాయి. నాన్నగారికి ప్రోస్టేట్ వాపు ఉందా? ఆయన వాడే ఇన్‌హేలర్లలో కొన్నింటి వల్ల మూత్రం బిగుసుకుపోవచ్చు. సన్నగా, ఆగి ఆగి వస్తుంటే డాక్టరుకు చెప్పాలి. పొగతాగే మగవాళ్లలో గుండె జబ్బు, ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు కూడా వెంటే ఉంటాయి. బరువు తగ్గినా, కళ్లెలో నెత్తురు కనిపించినా ఆలస్యం చేయొద్దు. మగవాళ్లలో దిగులు ఏడుపుగా రాదు, విసుగుగా, కోపంగా వస్తుంది. పొలం పని చేసిన మనిషి చెంబు నీళ్లు తెచ్చుకోవడానికి కూడా ఆగి ఆగి నడవాల్సి వస్తే రచ్చబండ దగ్గర బీడీ వెలిగించడం నాకు ఆశ్చర్యం కాదు. దొంగతనంగా కాలుస్తున్నారని నలుగురిలో నిలదీయకండి. ఛాతీ డాక్టరు దగ్గర నికోటిన్ బిళ్లలు, మందులు ఉన్నాయి, ఆ మాట డాక్టరు చేత చెప్పించండి. ఆయన బీడీ మానితే ఇంట్లో అమ్మగారికీ ఒక పొగ తగ్గుతుంది.

పొయ్యి దగ్గరికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం ఇళ్లు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయని తేలింది. 1999లో దీపం పథకం గ్యాస్ కనెక్షన్లు మొదలైన దగ్గర్నుంచి చూస్తే ఇది చిన్న మార్పు కాదు. కానీ ఆ సర్వే అడిగేది ఇంట్లో ప్రధానంగా దేనిమీద వండుతారని. మీ ఇల్లు కూడా ఆ 84లోనే లెక్కకు వస్తుంది. పెరట్లో స్నానాల నీళ్ల పొయ్యి, పండగ పిండివంటల పొయ్యి ఆ లెక్కలో కనిపించవు. "గ్యాస్ మీద అన్నం రుచిగా ఉండదు" అనే మాట వెనక సిలిండరు త్వరగా అయిపోతుందన్న పొదుపు కూడా ఉంటుంది. కాబట్టి పొయ్యి మానమని ఆమెకు చెప్పి ఊరుకుంటే లాభం లేదు. నీళ్లకు హీటరు పెట్టించండి, సోలార్ కుదిరితే మరీ మంచిది, సిలిండరు ఖర్చు మీరూ అన్నయ్యా పంచుకోండి. రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు, మీ ఇంటికి వర్తిస్తే అవి వస్తున్నాయో లేదో చూడండి. దోమల చక్రం మానిపించి దోమతెర కట్టండి. ఒక చక్రం పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లోనే కొలిచారు. మిరపకాయ పోపు ఘాటు కూడా ఆమెకు పడదు, పోపు పెట్టే పని ఇంకెవరైనా చేయొచ్చు.

ఈ చివరి మాట మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. నాన్నగారికి జబ్బు వచ్చాక ఆయన చేతికి మంచినీళ్లు అందించేది, నెబ్యులైజర్ కడిగేది ఎవరు? అమ్మగారే అయి ఉంటారు. మరి ఆమెకు ఆయాసం వచ్చిన రోజు వంట ఎవరు చేస్తున్నారు? మందులు రాయడం నా పని, ఈ సర్దుబాటు మాత్రం మీ ఇంట్లోనే జరగాలి. ముందుముందు ఎప్పుడైనా ఇద్దరిలో ఒకరికి ఇంట్లో ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే దాన్ని రోజుకు కనీసం 15 గంటలు వాడాలి, మంటకు పది అడుగుల దూరంలో ఉండాలి. దీపారాధన, అగరబత్తి, గ్యాస్ స్టవ్ ఏదైనా మంటే. మగవాళ్లకు ఆ 15 గంటలు మంచం మీద, కుర్చీలో తేలిగ్గా గడిచిపోతాయి. ఆడవాళ్లు గొట్టం తీసి పక్కన పెట్టి మూడు పూటలా పొయ్యి దగ్గరికి వెళ్తారు. ఆ గంటలే చికిత్సలో కోత పడతాయి.

అమ్మగారిని హైదరాబాద్‌కు తీసుకురాగలిగితే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది. ఊళ్లోనే ఉండి చూపించుకోవాలంటే ఒంగోలు లేదా గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఛాతీ విభాగానికి వెళ్లండి. ఆమె పేరున వేరే చీటీ తీసుకోండి, నాన్నగారి వెంట తోడుగా తీసుకెళ్లి పనిలో పనిగా చూపిస్తే మళ్లీ అదే కథ. పొయ్యి గంటలు, ఏళ్లు, పొగాకు పని, పాత టీబీ, సూదుల వివరాలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. స్పైరోమెట్రీతో పాటు రక్తహీనత, థైరాయిడ్, షుగరు చూడమనండి, ఎకో (గుండె స్కానింగ్) కూడా అవసరమేమో అడగండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. పెదవులు నల్లబారినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 90 కంటే కిందికి దిగినా ఆలోచించకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏడాదికోసారి ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినట్టు న్యుమోనియా టీకా ఇద్దరికీ వేయించండి. ఈలోపు ఆయాసం వచ్చినప్పుడు ముందుకు వంగి కూర్చుని, ముక్కుతో మెల్లగా పీల్చి, పెదవులు ముడిచి దీపం ఆర్పకుండా ఊదినట్టు నిదానంగా వదలమనండి. ఈ ఊపిరి వ్యాయామం ఇద్దరూ కలిసి చేయొచ్చు.

పరీక్ష అయ్యాక ఆ రిపోర్టులో రెండు వరుసలు ఉంటాయి, మందు పీల్చకముందు ఒకటి, పీల్చాక ఒకటి. రెండు వరుసల్లోని అంకెలూ నాకు రాసి పంపండి. అమ్మగారి చేతికి ఏ రకం ఇన్‌హేలర్ ఇవ్వాలో అప్పుడు మాట్లాడుకోవచ్చు. అప్పటివరకు నాన్నగారిది నాన్నగారి గూట్లోనే ఉండనివ్వండి.